పట్నంలో వేసవి వారం



మే నెల వచ్చిందంటే చాలు, హైదరాబాదులో ఇల్లున్న వాళ్ళకు ఊళ్ళనుంచి ఫోన్లు మొదలవుతాయి. "వదినా, పిల్లలు చార్మినార్ చూస్తామని ఒకటే గొడవ. ఓ వారం ఉండి పోతాం" అని. రావద్దంటామా? వాళ్ళు రాకపోతే మనకే తోచదు. వచ్చిన వాళ్ళకు వండిపెట్టడం మన పని, ఊరు తిప్పడమూ మన పనే. మా వారికి ఆఫీసు ఉంటుంది గదా!

ఆ వారం రోజులు ఎలా గడపాలో నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. చూడవలసిన స్థలాల పట్టీ చదవడం నా ఉద్దేశం కాదు. ఆ పట్టీ పిల్లలు సెల్‌ఫోనులో చూసి నిమిషంలో అప్పజెబుతారు. పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగిన సంగతి ముందు చెప్పనివ్వండి.

మా ఆడపడుచు కరీంనగర్ నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చింది. పిల్లవాడికి పన్నెండేళ్ళు, పిల్లకు తొమ్మిది. వాడు ఒక్క రోజులో నాలుగు స్థలాలు చూడాలని కార్యక్రమం వేశాడు. నేను తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, సీసాలకు నీళ్ళు పట్టి, అత్తయ్యగారికి మందులు సర్ది, అందరం ఇల్లు కదిలేసరికి పదిన్నర. మూడో చోటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ చోటు పేరు చెప్పను. నేల పెనంలా కాలుతోంది. మా ఆడపడుచు "తల బరువుగా ఉంది వదినా" అంది. ఎండకు అందరికీ ఉన్నదే గదా అనుకున్నాను. పది నిమిషాల తర్వాత కూతుర్ని నా పేరుతో పిలిచింది. మరో నాలుగడుగులు వేసి గోడ పక్కన కూలబడిపోయింది. ఒళ్ళు నిప్పు. చెమట చుక్క లేదు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కన తోపుడు బండి మీద గాజులమ్మే ఆవిడ గబగబా వచ్చి మా ఆడపడుచును బండి నీడలోకి లాగింది. తన బిందెలో నీళ్ళు చీర మీద గుమ్మరించి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది. "108కి కొట్టమ్మా, చూస్తూ నిలబడ్డవేంది" అని నన్ను కేకలేసింది. ఆ కేకలే మమ్మల్ని కాపాడాయి. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఇంకో అరగంట అశ్రద్ధ చేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది.

పొద్దుటినుంచి ఎన్ని నీళ్ళు తాగావని డాక్టరమ్మ అడిగితే మా ఆడపడుచు నా వంక చూసి, మెల్లిగా, "ఒక్క గ్లాసు" అంది. సంచీలో మూడు సీసాలు నిండుగా ఉన్నాయి. ఎందుకు తాగలేదంటే, "తాగితే మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలి వదినా?"

నిజమే. మొదటి చోట ఆడవాళ్ళ మరుగుదొడ్డి ముందు వరుస గేటుదాకా ఉంది. రెండో చోట లోపల అడుగుపెట్టలేకపోయాం. మూడో చోట తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నతను భోజనానికి పోయాడు. నన్ను అడిగితే నేనూ ఆ రోజు రెండు గుక్కలకు మించి తాగలేదు. బయలుదేరే ముందు నీళ్ళు మానెయ్యడం చిన్నప్పటినుంచీ మనకు ఎంత అలవాటంటే, మానేస్తున్నామని కూడా తెలియదు.

మా వారు ఆసుపత్రికి వచ్చి, "నీళ్ళు తాగితే సరిపోయేది గదా, దీనికింత చదువెందుకు" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. అత్తయ్యగారే అన్నారు: "నీకేం తెలుసురా. మీ నాన్నతో తిరుపతికీ కాశీకీ వెళ్ళినప్పుడు కూడా రైలు దిగేదాకా నేను నోరు తడుపుకుని ఊరుకునేదాన్ని. మగవాడివి, నీకు ప్రతి గోడా ఒకటే." మా వారు మళ్ళీ మాట్లాడలేదు.

అందుకని ఈ ఏడు మళ్ళీ వస్తామని ఫోను రాగానే, చూడవలసిన స్థలాలకంటే ముందు ఇంకో పట్టీ తయారుచేశాను. ఎక్కడ తాగే నీళ్ళున్నాయి, ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉంది. మేనల్లుడు దాన్ని నోటుబుక్కులో బొమ్మ గీసి "అత్తయ్య మ్యాపు" అని పేరు పెట్టాడు. మెట్రో స్టేషన్లకు పచ్చ చుక్క, మ్యూజియాలకు పచ్చ చుక్క, పోయిన ఏటి తాళం వేసిన చోటికి ఎర్ర చుక్క. రేడియోలో ఈ మాటలేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నేను మాత్రం చెప్పక మానను.

రెండో మార్పు వేళలు. మనం చేసే పొరపాటు ఏమిటంటే, పొద్దున్న చల్లటి వేళంతా వంటింట్లో గడిపి, ఎండ ముదిరాక గడప దాటుతాం. ఈసారి తిరగేశాను. చల్లటి వేళ ఆరుబయట, ఎండ వేళ కప్పు కింద. వంట సంగతేమిటంటారా? తెల్లవారి టిఫిను బయటనే. ఇడ్లీ బండి ఎందుకుంది మరి! వారం రోజులు ఇడ్లీ పిండి రుబ్బకపోతే సంసారం కూలిపోదని తెలిసింది.

వాళ్ళు శనివారం సాయంత్రం దిగారు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ వెళ్ళాం. ఆదివారం అక్కడ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. వాటి ముందు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఎనిమిదిన్నరకల్లా వెళితే కొందరు ఇంకా మూటలు విప్పుతూనే ఉంటారు. పిల్లలకు తలా నూటయాభై రూపాయలిచ్చి, ఏం కొనుక్కున్నా అడగనని మాటిచ్చాను. పిల్ల బొమ్మల పుస్తకాలు ఏరుకుంది. వాడు విమానాల పుస్తకం పట్టుకుని బేరమాడటం చూస్తే వాళ్ళ తాతగారు గుర్తుకొచ్చారని అత్తయ్యగారు మురిసిపోయారు. అత్తయ్యగారికి అట్ట ఊడిన పాత నవల ఒకటి దొరికింది. ఈ పుస్తకాలు వారమంతా మధ్యాహ్నాలు గడపడానికి పనికొచ్చాయి. అందుకే ఆబిడ్స్ మొదటి రోజు పెట్టుకోమంటాను. చివరి రోజు కొంటే సంచీలో బరువే తప్ప లాభం లేదు.

సోమవారం తెల్లవారి ఆరింటికి ట్యాంక్‌బండ్. హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో తవ్విన చెరువు. మధ్యలో నిలబడిన బుద్ధుణ్ణి 1992లో ప్రతిష్ఠించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1990లో, పడవ మీద తీసుకువెళుతుంటే విగ్రహం నీళ్ళలో మునిగిపోయింది. చాలాకాలం అడుగున పడుకుని మళ్ళీ లేచాడని చెబితే పిల్లలు బుద్ధుణ్ణి వదిలిపెట్టలేదు.

కట్ట మీద నడుస్తూ ఎన్టీ రామారావుగారి హయాంలో పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాలు చూపించాను. నన్నయ, తిక్కన, వేమన, కాటన్ దొర, శ్రీశ్రీ, అందరి పేర్లూ పిల్లలు పైకి చదువుకుంటూ వచ్చారు. చివరకు వచ్చాక మా మేనకోడలు, "అత్తయ్యా, ముప్ఫయ్ముగ్గురిలో ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారేం?" అంది. ఇన్నేళ్ళుగా ఆ దారిన బస్సులో పోతున్నాను, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. రుద్రమదేవి, మొల్ల. అంతే. ఒకావిడ రాజ్యమేలింది, ఒకావిడ రామాయణం రాసింది. ఆడదానికి అక్కడ చోటు కావాలంటే ఆ మాత్రం చెయ్యాలన్న మాట!

ఎనిమిదయ్యేసరికి ఎండ చుర్రుమంది. ఇంటికి వచ్చేశాం. సాయంత్రం నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరానికి వెళ్ళాం. తెల్లటి చలువరాతి గుడి, 1976లో తెరిచారు. పగటిపూట వెళితే చెప్పులు విడిచిన కాళ్ళు కాలుతాయి. దీపాలు పెట్టే వేళ వెళ్ళండి, ఊరంతా కింద మెరుస్తూ కనిపిస్తుంది. ఆ గుడిలో గంటలుండవు. అత్తయ్యగారికి అదొక్కటే వెలితి.

జంతు ప్రదర్శనశాల గురించి ఎక్కువ చెప్పను. మంగళవారం తలుపులు తెరిచే వేళకు వెళ్ళి పదిన్నరకల్లా బయటపడ్డాం. 380 ఎకరాల తోట, పిల్లలతో పూర్తిగా నడవలేం. లోపల తిరిగే బ్యాటరీ బండి ఎక్కండి. సోమవారం సెలవు, అది గుర్తుంచుకోండి. పులులు కూడా పదింటికల్లా నీడకు చేరాయి. వాటికున్న తెలివి పోయిన ఏడు నాకు లేకపోయింది.

బుధవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి కేటాయించాం. నన్నడిగితే వేసవి మధ్యాహ్నానికి ఈ ఊళ్ళో ఇంతకు మించిన చోటు లేదు. మూసీ ఒడ్డున పెద్ద భవనం, లోపల నీళ్ళున్నాయి, కూర్చోవడానికి బల్లలున్నాయి, మ్యాపులో పచ్చ చుక్క ఉంది. శుక్రవారం తప్ప తెరిచే ఉంటుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులివి. ఆయన 1949లో పోయాక, 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. అన్నీ ఒక్కరోజులో చూడాలనుకుంటే ఏదీ చూడం. మేము నాలుగైదు గదులే చూశాం.

గడియారం ముందు మాత్రం ముందుగా చోటు పట్టుకోండి. గంట గంటకూ లోపలనుంచి చిన్న గడ్డపు మనిషి బయటికి వచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు. పన్నెండు కొట్టేటప్పుడు చూడాలని అందరూ చేరతారు. మేము పదకొండున్నరకే కూర్చున్నాం. అంతమంది జనం ఊపిరి బిగబట్టి ఒక బొమ్మ కోసం ఎదురుచూడటం, అది రాగానే పిల్లలతోపాటు పెద్దవాళ్ళూ కేరింతలు కొట్టడం, అదే ఒక వేడుక.

తర్వాత ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెన్‌జోనీ చెక్కిన పాలరాతి స్త్రీ. ముఖం మీద ముసుగు, ఆ ముసుగులోంచి ముక్కూ కళ్ళూ కనిపిస్తాయి. అదీ రాయే, ఇదీ రాయే. తడిసిన పల్చటి గుడ్డలా ఉంటుంది. అత్తయ్యగారు చాలాసేపు చూసి, "ఎండలకు తలమీద తడిగుడ్డ వేసుకుంది, బుద్ధిమంతురాలు" అన్నారు. మా ఆడపడుచు పకపకా నవ్వింది. ఆసుపత్రి సంగతి మీద తను నవ్వడం అదే మొదలు.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన దాటుతూ పిల్లలకు 1908 వరదల గురించి చెప్పాను. ఇప్పుడు సన్నగా కనిపించే మూసీ ఆ సెప్టెంబరులో ఊరిని ముంచేసింది. ఇవతలి ఒడ్డున ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరద రోజు ఆ చెట్టెక్కిన నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరదల తర్వాతే గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు.

ప్రయాణాల ఖర్చు మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపించాలి, సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి. మా జట్టులో టికెట్ కొనవలసినవాడు మేనల్లుడొక్కడే. వాడికది పెద్ద అవమానంగా తోచింది.

గురువారం ఎక్కడికీ వెళ్ళలేదు. పిల్లలు ఎదురుతిరిగారు కానీ నేను వినలేదు. వారంలో ఒకరోజు ఒళ్ళు ఆరబెట్టుకోకపోతే మిగతా రోజులు కూడా పాడవుతాయి. కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడికలు కట్టి, ముంజలు తిని, పుస్తకాలు ముందు వేసుకుని పడుకున్నాం. సాయంత్రం మాత్రం మా ఆడపడుచూ నేనూ ఇద్దరమే లాడ్ బజారుకు వెళ్ళాం. పిల్లల్నీ వంటనీ మా వారికి అప్పగించాం. ఆయన ఉప్మా చేశారట. మిగిలింది చూశాను. సరే, ఆ సంగతి వద్దులెండి.

లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిప్పుల మీద లక్క కరిగించి, సాగదీసి, గాజుకు చుట్టి, వేడి ఆరేలోపల ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. కొన్నవాళ్ళు ఎండలో ఉంచకండి, లక్క మెత్తబడి రాళ్ళు ఊడతాయి. మా ఆడపడుచు రెండు జతలు కొంది. ఒక జత తనకు. రెండోది ఎవరికంటే, పోయిన ఏడు నీళ్ళు పోసిన ఆ గాజులావిడకు! గాజులమ్మే మనిషికి గాజులేమిటే అన్నాను. "మరేమివ్వను వదినా?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఎండ తగ్గాక గోల్కొండకు బయలుదేరాం. దారిలో ఆ ఎర్ర చుక్క చోట ఆగాం. గాజులావిడ కనిపించలేదు. పక్క బండివాణ్ణి అడిగితే వేసవిలో కూతురి దగ్గరికి పోయిందన్నాడు. గాజులు అతనికే ఇచ్చి వచ్చాం. అందాయో లేదో తెలియదు. మరుగుదొడ్డి తాళం గురించి పోయిన ఏడే నేనొక ఉత్తరం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. ఇప్పుడు చూస్తే తాళం లేదు. లోపల గొళ్ళెం కూడా లేదు. ఒకరు లోపలికి వెళితే ఒకరు తలుపు పట్టుకుని నిలబడ్డాం. మళ్ళీ ఉత్తరం రాశాను, ఈసారి గొళ్ళెం కోసం.

గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువు వస్తే కబురు పంపడానికని చెబుతారు. పిల్లవాడు పైకి పరుగెత్తాడు, పిల్ల కిందనుంచి చప్పట్లు కొట్టింది. మెట్లెక్కే ఓపిక లేనివాళ్ళు రామదాసు బందిఖానా దాకా వెళ్ళినా చాలు. భద్రాచలం గుడికి ప్రభుత్వం సొమ్ము వాడాడని కంచెర్ల గోపన్నను తానీషా ఇక్కడే పన్నెండేళ్ళు బంధించాడంటారు. ఆ తానీషాను 1687లో కోట పట్టుకున్న ఔరంగజేబు బందీగా తీసుకుపోయాడు. "ఇద్దరి బొమ్మలూ ట్యాంక్‌బండ్ మీద ఒకే వరసలో ఉన్నాయి గదా అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు. వాడు పేర్లు చదివింది ఊరికే పోలేదు. కోట తలుపులు మూసే వేళ, కాంతి, ధ్వని ప్రదర్శన ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే కనుక్కుని వెళ్ళండి.

ఇక సంచీలో ఏముండాలో చెప్పి ముగిస్తాను. మనిషికో సీసా నీళ్ళు, తడిగుడ్డ చుట్టి. గొడుగు. సబ్బు ముక్క, చిల్లర నాణేలు, ఒక ఖాళీ మగ్గు. పెరుగన్నం వద్దు, ఎండకు పులిసిపోతుంది. చపాతీలు, దోసకాయ ముక్కలు మేలు. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా మీద కుప్పగా కాదు, సమంగా. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదన్న మాట. ఎవరైనా ఎండలో పొంతనలేని మాటలు మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, ఆలస్యం చెయ్యకండి. చెమట పడుతున్నా సరే అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి, 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

శనివారం పొద్దున్నే జూబ్లీ బస్ స్టేషన్‌కు వెళ్ళి వాళ్ళను కరీంనగర్ బస్సెక్కించాను. మా ఆడపడుచు ఎక్కేముందు సీసా ఎత్తి సగం దాకా గటగటా తాగింది. నేను చూస్తున్నానని నవ్వి, "సిద్దిపేటలో బస్సు పదిహేను నిమిషాలు ఆగుతుంది వదినా, కండక్టర్ని కనుక్కున్నాను" అంది.